వకీలుతో కొన్నాళ్లు, ఎమ్మెల్యేతో కొన్నాళ్లు

మా ఆయన నామినేషన్ వేసిన సంగతి నాకు బడిలో స్టాఫ్ రూములో తెలిసింది. మధ్యాహ్నం బెల్లు కొట్టాక క్యారియర్ విప్పుతూ ఉంటే మా హెడ్మాస్టరమ్మ తన ఫోను నా ముందు పెట్టి, "ఈ పూలదండ సారు మీ సారేనా?" అంది. చూశాను. మా సారే. పెనుకొండలో ఎన్నికల ఆఫీసు ముందర, మెడలో దండ, నుదుట ఇంత కుంకుమ, చుట్టూ జెండాలు. పొద్దున నేను ఇస్త్రీ చేసి ఇచ్చిన తెల్లచొక్కానే వేసుకుని ఉన్నాడు. కోర్టుకు పోతున్నాడనుకుని ఇచ్చిన చొక్కా అది.

తోటి టీచర్లందరూ చుట్టూ చేరి శుభాకాంక్షలు చెప్పారు. నేను అన్నీ ముందే తెలిసినదానిలాగా నవ్వాను. చిత్రాన్నం తినకుండానే క్యారియర్ మూసేశాను. ఆయన గెలుస్తాడా ఓడతాడా అన్నది అప్పుడు నాకు తట్టనేలేదు. పెళ్లయి ఇన్నేళ్లయింది, కూతుర్ని చదివించి బెంగళూరులో ఉద్యోగానికి పంపించుకున్నాం, ఇంత పెద్ద పని నెత్తికెత్తుకునే ముందు నన్నొక్క మాట అడగాలనిపించలేదా ఈ మనిషికి, అన్నదొక్కటే కడుపులో మండింది. నాకు కోపం తొందరగా రాదు. వచ్చిందంటే తొందరగా పోదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఇక ముందు నేను ఆయన్ను నాలుగు మాటలు ఎక్కువన్నా మీరు ఏమీ అనుకోరు.

ఆయన హిందూపురంలో వకీలు. పుట్టింది గుడిబండ దగ్గర ఒక పల్లెలో, తరతరాలుగా భూమి నమ్ముకున్న ఇంట్లో. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, కోర్టు కాగితాల్లో ఇంగ్లీషు. మూడింట్లోనూ వాదించగలడు. నేను ధర్మవరంలో మగ్గాల ఇంటి పిల్లను. మగ్గం చప్పుడు లేకపోతే నిద్ర పట్టని ఇల్లు మాది. టీచర్ ట్రైనింగ్ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న రోజుల్లో, ఆయన తన సీనియరు వకీలును వెంటబెట్టుకుని నన్ను చూడటానికి వచ్చాడు. వచ్చే ముందు ఎవరెవరి దగ్గర విచారించాడో ఏమో, నన్ను కూర్చోబెట్టగానే మొదలుపెట్టాడు.

"మీది ట్రైనింగ్ అయిపోయినాది. ఉద్యోగం వస్తే చేస్తారు. హిందూపురంలో ఉండేకి మీకేమీ ఇబ్బంది లేదు."

నేను తలూపాను. తలూపడం తప్ప ఆ మాటల్లో నాకు మిగిల్చిన పని ఏముంది? నచ్చానా అని ఆయన నన్ను అడగలేదు. వాళ్లు వెళ్లిపోయాక మా నాయన, "ఏమ్మా, పిల్లోడు ఎట్లుండాడు?" అంటే, "నా జవాబులు కూడా ఆయనే చెప్పుకున్నాడు నాయనా, నన్నేం అడుగుతావు" అన్నాను. మా నాయన పడీపడీ నవ్వాడు. మనిషి నాకు నచ్చాడని మా నాయనకు ఆ జవాబులోనే అర్థమైపోయింది. నిజానికి నాకు నచ్చాడు. చెవుల దగ్గర కాస్త ఎర్రబడి, చేతిరుమాలు నలుపుకుంటూ, నా వైపు చూడకుండా ఆ ముక్కలన్నీ అప్పజెప్పినాడు పాపం.

పెళ్లయ్యాక తెలిసింది, అది ఆయన పని నేర్చుకున్న తీరని. ఎదుటి పక్షం సాక్షిని బోనులో నిలబెట్టి అడిగేటప్పుడు, జవాబు మనకు తెలియని ప్రశ్న నోట్లోంచి రాకూడదని ఆ సీనియరు గారు మొదటిరోజే చెవిలో వేశాడట. సాక్షి ఏం చెప్పాలో అది మన మాటల్లోనే పెట్టాలి. అతను అవునంటే చాలు. ఈ విద్యలో మా ఆయన గట్టివాడని పేరు. మడకశిర నుంచీ అగళి నుంచీ కూడా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. అన్నదమ్ముల భాగాలు, గట్టు తగాదాలు, బాట తగాదాలు. బాట తగాదా వస్తే మాత్రం ఆ చేనుకు తానే పోయి, ఎండలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూసిగానీ కాగితం ముట్టేవాడు కాదు.

ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. "ఈ పొద్దు అనపగింజల పులుసు చేసింటావు." "నీకు తలనొప్పిగా ఉండాది." "మీ నాయన్ను చూసేకి ధర్మవరం పోవల్లనుకుంటాండావు." అన్నీ ఆయనే చెప్పేవాడు. తొంభై పాళ్లు సరిగ్గానే ఉండేవి. అదే నా ఏడుపు. తప్పు చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. సరిగ్గా చెప్తుంటే ఏమని పోట్లాడేది? టికెట్టు కొనుక్కొచ్చి, సంచి సర్ది, రైలెక్కించేవాడు. పోతావా అని అడిగి ఉంటే ఇంకా సంతోషంగా పోయేదాన్ని.

నామినేషన్ వేసిన సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, "నీకు తెలిసిపోయింటాది" అన్నాడు.

నేను మామూలుగా ఆయన్ను మీరు అంటాను. కోపమొస్తే నువ్వులోకి దిగుతాను. ఆ రోజు దిగాను.

"ఫోన్లో చూసినా. ఊర్లో అందరూ చూసినంక నేను చూసినా. నన్నొక మాట అడిగేకి నీకు నోరు రాలేదా?"

"నీకు సర్వీసు రూల్సు ఉండాయి" అన్నాడు, అదేదో నా మీద ప్రేమతో తెచ్చిన మల్లెపూల మాదిరి. "గవర్నమెంటు టీచర్లు ఎన్నికల్లో తల దూర్చకూడదు. నిన్నడిగి నిలబడినానని ఎవురన్నా పిటిషన్ పెడితే నీ ఉద్యోగానికి ఇబ్బంది. తెలీకుండా ఉండేదే నీకు మంచిది. అడిగితే నువ్వు భాగస్వామివి అయినట్లే."

"పెండ్లినాడే అయినా గదా!"

వాదన దొరకనప్పుడు ఆయన నీళ్లు తాగుతాడు. తాగాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. కోర్టులో కేసు గెలిచినవాళ్లు ఆఫీసుల దగ్గర ఓడిపోతున్నారట. బాట ఇవ్వమని తీర్పు వస్తుంది, ఆ బాట మాత్రం రాదు. కాగితం పట్టుకుని ఆ రైతు ముసలివాడైపోతాడు. "నేను గెలిపించినోల్లు మళ్లా వచ్చి నా గడప కాడ కూచుంటాండారు. నాకు సిగ్గయితాండాది" అన్నాడు. ఆ మాటకు నా మనసు కరిగింది. కరిగిందని ఆయనకు తెలియనివ్వలేదు. అడిగి ఉంటే ఆ మాట అప్పుడే చెప్పేవాడు కదా, నేను సరేననేదాన్ని కదా అన్న బాధ ఇంకా ఎక్కువైంది.

ఆయన మొదటి పెద్ద సభ ధర్మవరంలో జరిగింది. జిల్లాలోని పార్టీ అభ్యర్థులందరినీ ఒకచోట పెట్టి పరిచయం చేసే సభ. ఆ మైదానం మా పుట్టింటి వెనకే. నేను సభలకు పోకూడదు. పుట్టింటికి పోకూడదని ఏ రూల్సులోనూ లేదు. ఆదివారం పొద్దున రైలెక్కి పోయి, సాయంత్రం మిద్దె మీద వడియాలు ఎత్తుతున్నదానిలాగా నిలబడ్డాను. వడియాలు ఎప్పుడో ఎత్తేశారు. ఉత్త గుడ్డ దులుపుతూ నిలబడ్డాను.

ఆయన వంతు వచ్చింది. మైకు ముందుకు వచ్చి, నల్లకోటు లేకపోయినా దాని అంచులు సర్దుకున్నట్టు రెండు చేతులూ రొమ్ము దగ్గరికి తెచ్చుకుని, గొంతు సవరించుకుని, వేదిక మీద కూర్చున్న పెద్ద నాయకుల వైపు తిరిగాడు. అంత జనానికీ వీపు చూపించి, "తమ దృష్టికి తీసుకొచ్చేదేమంటే" అని మొదలుపెట్టాడు. పాపం, జీవితమంతా జడ్జీ వైపు తిరిగి మాట్లాడిన మనిషి. ఎత్తైన చోట ఎవరు కూర్చుంటే వాళ్లకే చెప్పుకోవాలని కాళ్లకు అలవాటైపోయింది. జనం గోల పెట్టారు. ఆయన గుమాస్తా కింద నుంచి చేతులు ఊపుతూ, "సార్, ఇట్ల తిరుగు సార్, జనం ఈడుండారు!" అని అరవడం నాకు మిద్దె మీదికి వినిపించింది.

నేను గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. నవ్వుతూనే నాకు ఆయన మీద ఎంత జాలి వేసిందో చెప్పలేను. తిరిగాడు. తిరిగి, అంతమందిని చూసి, లేని నల్లకోటు అంచులు మళ్లీ సర్దుకున్నాడు. చెవులు ఎర్రబడి ఉంటాయని అంత దూరం నుంచే నాకు తెలుసు. దిగిపోయి, పక్కన నిలబడి, చొక్కా వెనక మడత సరిచేయాలనిపించింది. సర్వీసు రూల్సు లేకపోతే నిజంగానే పోయేదాన్ని.

ఓట్లు అడగడం ఆయనకు ఇంకా కష్టమైంది. వకీళ్లు కేసుల కోసం ఎవరి గడపకూ పోరు. మనుషులే వాళ్ల దగ్గరికి వస్తారు. పెనుకొండ వీధుల్లో ఇంటింటికీ పోయి చేతులు జోడించాల్సి వచ్చేసరికి, అడగాల్సిన మాట ఒక్కటీ నోటికి రాక, "ఏం సమస్యమ్మా మీది?" అని అరుగు మీద కూర్చునేవాడట. వాళ్లు చెప్పుకునేవాళ్లు. ఈయన వింటూ సలహా చెప్తూ కూర్చునేవాడు. వెంట వచ్చిన కార్యకర్తలు ఎండలో తలలు పట్టుకునేవాళ్లు. ఈ కబుర్లన్నీ గుమాస్తా నాకు మోసుకొచ్చేవాడు. ఆయన దగ్గర పాతికేళ్ల కిందట చేరిన మనిషి, మా ఇంట్లో అందరికీ తలలో నాలుకలాంటివాడు.

ఒక ఇంట్లో ఒక అవ్వ అంతా చెప్పుకుని, చివరికి, "ఓటు అడగవేమప్పా?" అందట. ఈయన తన అలవాటు ప్రకారం, "నువ్వు నాకే వేస్తావులే అవ్వా" అన్నాడట. "ఏమో నాయనా, నేనింకా అనుకోలేదు" అందట అవ్వ. బోనులో సాక్షి అడ్డం తిరిగినట్టు మా ఆయన నోరు తెరుచుకుని నిలబడిపోయాడని గుమాస్తా యాక్టింగు చేసి చూపించాడు. ఆ అవ్వకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఒకరోజు అన్నం పెడుతూ, "అందరి ఇండ్లకూ పోతాండారు, మన ఇంటికెప్పుడు వస్తారు ఓటడిగేకి?" అన్నాను. వేళాకోళానికే అన్నాను. సగం వేళాకోళానికి.

"నీ ఓటు ఈడ హిందూపురంలో ఉండాది. పార్టీ నన్ను నిలబెట్టింది పెనుకొండలో. నా ఓటు కూడా నాకు పడదు" అన్నాడు చాలా సీరియస్‌గా, ముద్ద నమలుతూ. పోలింగు రోజు ఇద్దరం హిందూపురంలో ఒకే బడికి పోయి, వేరే ఎవరికో ఓటేసి వచ్చాం. ఆయన అక్కడి నుంచే పెనుకొండకు పరుగెత్తాడు.

ఆ ఎన్నికలో ఓడిపోయాడు. లెక్కింపు అయ్యాక సాయంత్రం ఎండ తగ్గే వేళకు ఇంటికి వచ్చి, ముందు గదిలో ఉన్న ఎవరితోనూ మాట్లాడకుండా పెరట్లోకి వచ్చి బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు. నేను ఆ పూట కోసం ఎన్నో మాటలు దాచిపెట్టుకుని ఉన్నాను. నన్నడగకుండా దిగితే ఇట్లే ఉంటుంది అందామనుకున్నాను. ఆయన తలెత్తి, "ఓడిపోతిమి" అన్నాడు. ఓడిపోయినా అనలేదు, ఓడిపోతిమి అన్నాడు. నేను దాచుకున్న మాటలన్నీ అక్కడికక్కడే పోయాయి. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతికి అన్ని రోజులుగా జనం కరచాలనాలు చేసి చేసి వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. వేన్నీళ్లు కాచి కాపడం పెట్టాను. మర్నాడు నల్లకోటు వేసుకుని కోర్టుకు పోయాడు.

ఐదేళ్ల తర్వాత రెండోసారి నిలబడినప్పుడు కూడా నన్ను అడగలేదు. ఈసారి ఫోన్లో చూసే అవస్థ లేకుండా ముందు రోజే చెప్పాడు, అంతే తేడా. గెలిచాడు. నేను టీచరుగా ఉంటూనే ఎమ్మెల్యే భార్యనయ్యాను. బడి నుంచి వస్తే ముందు గది నిండా జనం ఉండేవాళ్లు, నేను పక్క సందులోంచి వంటింటి తలుపు గుండా మా ఇంట్లోకి దూరేదాన్ని. ఆయన మాత్రం కోర్టు పద్ధతి మానలేదు. వచ్చినవాళ్లకు వాయిదా ఇచ్చేవాడు. "మంగళవారం రాండి" అంటే మంగళవారానికి ఆ పని ఏమైందో కనుక్కుని పెట్టుకునేవాడు. కాకపోతే కాలేదని మొహం మీదే చెప్పేవాడు. నాయకుడు చెప్పిన తేదీకి నిజంగానే ఇంట్లో దొరుకుతాడని నమ్మడానికి జనానికి కొంతకాలం పట్టింది.

ఒక ఆదివారం మా నాయన్ను చూసి ధర్మవరం నుంచి కారులో వస్తుంటే, పెనుకొండ దాటాక ఒకచోట బండి ఆపించాడు. రోడ్డు పక్కనుంచి చేలల్లోకి ఒక మట్టిబాట పోతోంది. కొత్తగా వేసిన బాట, ఇంకా ఎర్రగా ఉంది. చెనిక్కాయల మూటలతో ఒక ఆటో ఎగిరెగిరి పడుతూ వస్తోంది. "ఈ బాట కోసం కోర్టులో నా జుట్టు నెరిసిపోయినాది" అన్నాడు. ఆటో మమ్మల్ని దాటి పోయేదాకా అట్లాగే నిలబడి చూశాడు. ఆటోలో ఉన్నవాళ్లు ఆయన్ను గుర్తుపట్టలేదు, వాళ్ల పాటికి వాళ్లు పోయారు. ఆయన మొహంలో అంత సంతోషం మా కూతురు పుట్టినప్పుడు చూశాను, మళ్లీ ఆ రోజే చూశాను. ఈ మనిషిని నేను ఇంత ప్రేమిస్తున్నానా అని నాకే వింతగా అనిపించింది.

ఆ తర్వాతి ఏడాదే పెనుకొండలో ఒక సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలో కూలబడ్డాడు. బెంగళూరు తీసుకుపోయి గుండెకు స్టెంటు వేయించాం. నాలుగు రోజులు నేను ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఉంటే, వచ్చిన ప్రతివాళ్లూ "మా సారుకు ఎట్లుండాది?" అని నన్నే అడిగారు. మా సారు, మా సారు. అందరికీ సారే. నాకేమవుతాడో నేను ఎవరికి చెప్పుకోవాలి? డాక్టరు జాగ్రత్తలు చెప్పి, తిరగొచ్చు అన్నాడు. తిరగడం మొదలుపెట్టాడు.

నా రిటైర్మెంటు సభకు ఆయన్నే ముఖ్య అతిథిగా పిలిచారు మా బడివాళ్లు. మొదటి శాలువా ఆయనకు, రెండోది మండలం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి, ఆ తర్వాత నాకు. ఆయన లేచి బళ్ల గురించి, గదుల గురించి, మరుగుదొడ్ల గురించి చక్కగా మాట్లాడాడు. ఈసారి జనం వైపు తిరిగే మాట్లాడాడు. నా గురించి "ఈ ఉపాధ్యాయురాలి సేవలు" అన్నాడు. ఎక్కడ ఎక్కువ చెప్తే సొంత భార్యను పొగుడుకున్నాడంటారోనని భయం. కారులో కూర్చున్నాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇన్నేండ్లకు ఈ పొద్దుతో నా రూల్సు అయిపోయినాయి" అన్నాను. "ఇంక నీకు చాటు లేదు. ఊర్లో ప్రతి గడపకూ పోయి అడిగినావు. నన్ను మాత్రం ఒక్కనాడు, నీకేం కావల్ల అని, చేసేదా వద్దా అని, ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. నేనేమన్నా నీ గుమాస్తానా?"

డ్రైవరు ముందే అన్నాను. ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. నీళ్ల సీసా కోసం చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత కొన్నాళ్లకు పార్టీ పెద్దల దగ్గర నుంచి కబురు వచ్చింది. మళ్లీ పెనుకొండలో ఆయనే నిలబడాలని, నాలుగు రోజుల్లో ఏ సంగతో చెప్పమని. ఆ సంగతి గుమాస్తా నోటి వెంటే విన్నాను. ఇంకేముంది, రేపో ఎల్లుండో నాకు తీర్మానం వినిపిస్తాడనుకున్నాను. మర్నాడు పొద్దున నేను పెరట్లో కొర్రలు చేటలో పోసుకుని రాళ్లు ఏరుతుంటే వచ్చి, ఎదురుగా అదే బట్టల బండ మీద కూర్చున్నాడు.

"నువ్వు ఏమంటావంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, జుట్టు తెల్లబడినాక అవి ఇంకా బాగా తెలుస్తాయి. "పోటీ చెయ్యమంటావా? వద్దంటావా? నువ్వు చెప్పినట్ల చేస్తా."

నేను చేట కింద పెట్టాను.

"ఇప్పుడు యాల అడుగుతాండారు?" అన్నాను.

"నువ్వు రిటైరైనావు గదా, రూల్సు..." అని మళ్లీ తనే తల అడ్డంగా ఊపాడు. "రూల్సు గాదులే. నువ్వు వద్దంటావేమోనని భయపడి అడగలేదు. రెండుసార్లూ అంతే. నిన్నడిగితే, నువ్వు వద్దంటే, నేను చెయ్యలేను. నాకు చెయ్యల్లని ఉన్నింది."

ఇంత చిన్న మాట, ఇంత నిజమైన మాట, ఇన్నేళ్లు ఎక్కడ దాచుకున్నాడో. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే జవాబు చెప్పలేనని ఆపుకున్నాను.

"ఇప్పుడు లేదా, చెయ్యల్లని?"

"ఉండాది" అన్నాడు.

అబద్ధం చెప్పి ఉంటే నాకు తేలికయ్యేది. ఎర్రమట్టి బాట కళ్ల ముందు మెదిలింది, ఆటో పోతుంటే ఆయన మొహం. ఆస్పత్రి బెంచీ కూడా మెదిలింది. సరేనంటే ఆయన ఎంత సంతోషపడతాడో నాకు తెలుసు. సరేనందామని నోటిదాకా వచ్చింది కూడా. కానీ మొదటిసారి అడిగాడు. మొదటిసారి అడిగిన మనిషికి నేను నా మనసులో మాట చెప్పకుండా, ఆయనకు కావలసిన మాట చెప్తే, ఇక ఆ అడగడానికి విలువేముంది?

"వద్దు" అన్నాను.

వాదిస్తాడనుకున్నాను. ఆ జిల్లాలో ఆయన వాదనకు నిలిచినవాళ్లు తక్కువ. ఆయన కొర్రల్లోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసి, "సరే" అన్నాడు. లేచి లోపలికి పోయాడు. గెలిచిన సంతోషం నాకు ఇసుమంతైనా కలగలేదు. ఆయన వీపు చూస్తుంటే, వెంట పోయి, వద్దులే నువ్వు నిలబడు అని చెప్పేద్దామని కాళ్లు లాగాయి. కొర్రలు ఏరినవే మళ్లీ ఏరుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నానికి ముందు గది నిండిపోయింది. పెనుకొండ నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషులు వచ్చారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతూ అన్నీ వింటున్నాను. ఆయన నిలబడటం లేదని చెప్పాడు. కొందరు బతిమిలాడారు, కొందరు కోప్పడ్డారు. చివరికి గుమాస్తా ముందుకు వచ్చాడు.

"సరే సార్, అట్లయితే ఆరోగ్యం బాగలేదని చెప్దాం. గుండె ఆపరేషన్ అయినాది, ఎవురూ ఏమీ అనరు. గౌరవంగా ఉంటాది."

"డాక్టరు తిరగొచ్చనినాడు. లేని కారణం నేను చెప్పను."

"మరి ఏమని చెప్పల్ల సార్ పైవాల్లకు?"

"నా భార్యను అడిగినా. ఆమె వద్దనింది. అదే చెప్పండి."

ఎవరో నవ్వారు, ఆయన తమాషా చేస్తున్నాడనుకుని. "నవ్వేకి ఏముండాదప్పా ఇందులో?" అన్నాడు ఆయన, ఏ మాత్రం గొంతు పెంచకుండా. ఆ నవ్వు ఆగిపోయింది. పెళ్లాం మాట విన్నాడని ఆ మాట సాయంత్రానికి పెనుకొండ అంతా పాకుతుంది, ఎదుటి పార్టీవాళ్లు మైకుల్లో చెప్పుకుని నవ్వుతారు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గదిలోకి వెళ్లాను. మామూలుగా గది గడప దగ్గరే గుమాస్తా చేతికి ఇచ్చేసి వచ్చేస్తాను. ఆ రోజు పళ్లెం బల్ల మీద పెట్టి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. జనం ఉండగా ఆ గదిలో నేనెప్పుడూ కూర్చోలేదు. గుమాస్తా నా వైపు తిరిగాడు. పాపం, అతని కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"అమ్మా, నువ్వన్నా చెప్పమ్మా. ఆయన నిలబడితే గెలుస్తాడు. ఎందుకమ్మా వద్దనినావు?"

గుండె అనొచ్చు. వయసు అనొచ్చు. బెంగళూరులో కూతురు బాధపడుతోందనొచ్చు. ఆయనే లేని కారణం చెప్పనన్నాక నేను మాత్రం ఎట్లా చెప్పేది?

"నాకు ఈయన కావల్లప్పా" అన్నాను. "కోర్టుకు ఇచ్చినా, మీకు ఇచ్చినా. నాకంటూ మిగుల్చుకోలేదు. ఇంక నాకు కావల్ల. ఇంకేమీ కారణం లేదు."

నేను ఒళ్లో పెట్టుకున్న చేతుల వైపే చూస్తున్నాను. తలెత్తేసరికి ఆయన నన్నే చూస్తున్నాడు. ఎంతోమంది సాక్షుల నోళ్ల నుంచి తనకు కావలసిన మాట రాబట్టిన మనిషి, ఈ మాట వస్తుందని ఊహించి ఉండడు.

"ఈ మాట ఇన్నేండ్లు యాల చెప్పలేదు నాకు?" అన్నాడు, అంతమంది ముందర.

"నువ్వడగలేదు" అన్నాను.